మా స్కాట్లాండు తాత

ఏంటే, మనకి స్కాట్లాండులో చుట్టాలున్నారా అంటావా? ఎవరు చెప్పారు, మీ అమ్మేనా? ఆ బట్టలు పక్కకి జరిపి కూర్చో. నా తెలివితక్కువతనం నా నోటితోనే విను, వేరేవాళ్ళు చెబితే ఇంకో నాలుగు కలుపుతారు.

అప్పుడు నేను తెనాల్లో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. అరవై ఏడో, ఎనిమిదో... కాదులే, మీ పెద్దమామయ్య పుట్టాక, అంటే అరవై తొమ్మిది. అబద్ధమాడిన పిల్లల చేత "నేను అబద్ధమాడను" అని వందసార్లు రాయించేదాన్ని. అంత నిక్కచ్చి మనిషిని! మా ఇంట్లో ఓ మాటుండేది, మా ముత్తాత మాక్‌రే దొర కొడుకని. కాలవ పనులు చేయించడానికి స్కాట్లాండు నించి వచ్చిన దొరట. ఆ గొప్పకి నేను టీలో పాలు మానేశాను, తెలుసా? దొరలు అలాగే తాగుతారని ఎవరో చెప్పారు. కషాయంలా ఉండేది. తర్వాత తెలిసింది, వాళ్ళూ పాలు పోసుకునే తాగుతారట.

సరే, మా పాస్టరు అయ్యగారికి స్కాట్లాండు నించి ఉత్తరం వచ్చింది. ఎల్సీ అని ఓ పెద్దావిడ, పెళ్ళి కాలేదు, తోడబుట్టినవాళ్ళంతా పోయారు. వాళ్ళ తాత తమ్ముడు మాక్‌రే ఇటొచ్చి తిరిగి రాలేదట, ఏమయ్యాడో చర్చి పుస్తకాలు చూసి చెప్పమని. "నువ్వే చూడు రూతమ్మా, నీ దొరేగా" అన్నారు అయ్యగారు.

మా ముత్తాత ఊరని రేపల్లె బండెక్కాను. అక్కడి బాప్తిస్మాల రిజిస్టరు పైభాగం చెదలు తినేసింది, గడుల పేర్లు పోయినయ్. మా ముత్తాత దొరికాడు. ఆశీర్వాదం, వయసు ముప్పై. పక్క గడి ఖాళీ, ఆ పక్కన మాక్‌రే దొర పేరు. ఇంకేం కావాలి? అక్కడే ఏడ్చేశాను. తెనాలి వచ్చాక "ఇంకోసారి చూసుకోమ్మా" అని అయ్యగారంటే, రిజిస్టరు కంటే మీకెక్కువ తెలుసా అన్నాను. నేను మీ రక్తసంబంధిని అని ఆయన చేతే ఇంగ్లీషులో రాయించాను.

ఎల్సీ జవాబు "చెల్లీ" అని మొదలైంది. నాకింకెవరూ లేరనుకున్నాను, నువ్వున్నావు, మా చిన్నతాత సమాధి ఎక్కడుందో చూడు అని.

ఆ కాలపు దొరల సమాధులు అక్కడున్నాయంటే బాపట్ల వెళ్ళాను. సమాధుల పుస్తకంలో దొర ఉన్నాడు. మా ముత్తాత బాప్తిస్మమైన ఏడాదే జ్వరంతో పోయాడు. వయసు ఇరవయ్యారు. చక్కగా కాపీ రాసుకుంటున్నాను. పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, చూడు! చర్చి గంట కొట్టే దావీదు తాత రేపల్లెలో రాసుకున్న కాగితం, ఇదీ రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "ఏమ్మా, మీ ముత్తాత వాళ్ళ నాన్న కంటే ముందే పుట్టాడా?" అన్నాడు.

నేను ముప్పైలోంచి ఇరవయ్యారు తీసి చూసుకుంటుంటే, తాతే విప్పి చెప్పాడు.

"పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకుంటే తండ్రి గడి ఖాళీగా వదిలేసేవాళ్ళమ్మా. ఆ పక్కది పూచీగా నిలబడ్డవాళ్ళ పేరు. దొర దగ్గర పని చేసేవాళ్ళందరికీ దొరే నిలబడేవాడు. మా తాతక్కూడా ఆయనే. ఆ లెక్కన నేనూ స్కాట్లాండోణ్ణే!"

ఇంటికొచ్చి పది రోజులు ఊరుకున్నాను. ఎవరికి తెలుస్తుందిలే, ఆ ముసలావిడ సంతోషాన్ని నేనెందుకు చెడగొట్టాలి అనుకున్నాను. చూశావా, అబద్ధానికి ఎంత మంచి బట్టలు తొడిగానో! కానీ బళ్ళో ఎవడైనా అబద్ధమాడితే వందసార్లు రాయమనడానికి నోరు రావట్లేదు. చివరికి అయ్యగారి దగ్గరికెళ్ళి, తప్పు నాది, నేను మీకేమీ కాను, మీ దొర సమాధి మాత్రం బాపట్లలో ఉంది అని రాయించాను. అప్పుడే చూసుకోమన్నాగా అని కూడా అనకుండా రాసిపెట్టారు అయ్యగారు. అదే నాకు పెద్ద దెబ్బ.

మూడు నెలలు, పోస్టుమాన్ కనపడితే తల దించుకునేదాన్ని. తర్వాత ఎల్సీ ఉత్తరం వచ్చింది. "నా సొంతవాళ్ళలో ఒక్కరూ ఆయన కోసం రైలెక్కలేదు. నీకు అభ్యంతరం లేకపోతే చెల్లీ అనే పిలుస్తాను" అని.

అభ్యంతరం లేదని రాశాను. ఆవిడ పోయేదాకా అక్కా అనే పిలిచాను. ఇంతకీ చుట్టాలున్నట్టా లేనట్టా, నువ్వే చెప్పు... సరేలే, లే, పొద్దుపోయింది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ, నాకంటే కాస్త తక్కువ గొప్పలతో.