ఫోను ముందా, నవ్వు ముందా

బందరులో ఒక కాలేజీ గ్రౌండు, 2005. సాయంత్రం ఫంక్షన్‌కి స్టేజీ వెనక స్పీకర్లు బిగిస్తున్న కళ్యాణ్ దగ్గరికి గుడివాడ నుంచి కృపావతి వచ్చింది. నాలుగేళ్ళ క్రితం ఇద్దరూ కలిసి ఒక పాట చేశారు. అతను దానికి చేసిన డాన్స్ రీమిక్స్ ఇప్పుడు ఊరూరా మోగుతోంది.

"తీసెయ్ అంటే తీసెయ్. అంతే."

"నాలుగేళ్ళకి కనబడి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా..."

"ఎలా ఉన్నావు?"

"బాగానే..."

"సరే. ఆ నవ్వు తీసెయ్."

"ఏ నవ్వు?"

"నాటకాలాడకు కళ్యాణ్. పాట మధ్యలో నేను నవ్వుతానే, ఆ నవ్వు. నీ గిటారు తీసిపారేశావు. శ్రీనివాస్ డ్రమ్స్ తీసిపారేశావు. చరణాలు మింగేశావు. నా నవ్వు మాత్రం తిప్పి తిప్పి అరగదీశావు. హహహ, డబ్ డబ్. హహహ, డబ్ డబ్."

"రీమిక్స్ అంటే అదే కదా కృపా."

"అదే వద్దంటున్నాను."

"జనం అసలు పాట పేరే మర్చిపోయారు, తెలుసా? నవ్వు పాట అంటున్నారు. మొన్న పెడనలో పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికొడుకు నాయనమ్మ కూడా ఎగిరింది. మనం చేసిన క్యాసెట్టు ఎవరు విన్నారు చెప్పు? మీ చర్చివాళ్ళు, మా రేవు బోట్లవాళ్ళు. ఇంకెవరు?"

"మా అమ్మ వినలేదు."

"ఆ కేబుల్ ఇటివ్వు. కాదు, నల్లది."

"తమ్ముడూ కళ్యాణ్! సౌండ్ చెక్ ఎప్పుడయ్యా? పిల్లలు స్టెప్పులు చూసుకోవాలంటున్నారు."

"వస్తున్నా కోటిలింగం గారూ, కాస్త ఆగండి. వైర్లు కలపాలి."

"ఈ మేడం ఎవరు?"

"ఈవిడ... కృపావతి గారని. ఆ పాట పాడింది ఈవిడే."

"ఏ పాట? నవ్వు పాటా? అమ్మా, ఆ నవ్వు మీదేనా! మా మనవరాలు అన్నం తినాలంటే ఆ పాట పెట్టాలమ్మా! సాయంత్రం మీరు స్టేజీ ఎక్కాల్సిందే. ఈ ఫంక్షన్ చేయించేది నేనే, ఎవరూ కాదనరు."

"నేను పాడటం మానేశానండీ."

"పాడక్కర్లేదమ్మా, మైకు పట్టుకుని ఓసారి నవ్వితే చాలు."

"కోటిలింగం గారూ, జనరేటర్ దగ్గర ఎవరో పిలుస్తున్నట్టున్నారండీ."

"ఆ? ఇదిగో, వెళ్తున్నా. మేడంని పంపెయ్యకు."

"విన్నావా? నవ్వితే చాలట."

"ఆయన మాటలకేంలే."

"బస్సెక్కితే నేనే. ఆటో ఎక్కితే నేనే. మా స్కూల్లో పిల్లలు యానివర్సరీకి ఆ పాటే కావాలన్నారు. నా నవ్వుకి నేనే చప్పట్లు కొట్టి స్టెప్పులు నేర్పాను, వాళ్ళకి తెలియదు పాపం. ఇంక నాన్న... వీధిలో వినబడితే చాలు, లేచి కిటికీ వేసేస్తారు. ఏమీ అనరు. ఏదన్నా అంటే బాగుణ్ణు."

"అంకుల్‌కి ఆ రోజు సంగతి..."

"ఏ రోజు సంగతి?"

"ఏం లేదు."

"ఏ రోజు కళ్యాణ్?"

"రికార్డింగ్ రోజు. విజయవాడలో. ఏదో మాటొచ్చింది, అంతే. ఎండలో నిలబడ్డావు, ఇటు రా."

"ఇక్కడే బాగుంది. ఆ రోజు నాకేం చెప్పావు? పాటంతా అయ్యాక, 'ఇప్పుడే హాస్పిటల్ నుంచి ఫోనొచ్చింది, అమ్మకి సీరియస్‌గా ఉందట, పద' అన్నావు. ఇప్పుడే అన్నావు."

"అన్నాను."

"నేను గుడివాడ చేరేసరికి ముఖం మీదికి దుప్పటి లాగేశారు."

"తెలుసు. నీ పక్కనే ఉన్నాను కదా."

"మొన్న పామర్రు సెంటర్లో వెంకటపతి గారు కనబడ్డారు."

"ఏ వెంకటపతి?"

"ఎంతమంది ఉన్నారేం? మన పాట రికార్డు చేసినాయన. మెచ్చుకోబోయి చెప్పాడు, పాపం. 'లోపల నువ్వు పాడుతున్నావమ్మా, ఫోనొస్తే కళ్యాణ్ చేతికిచ్చి నేను టీకెళ్ళాను. వచ్చి వింటే టేపులో ఆ నవ్వుంది. కావాలని మళ్ళీ నవ్వించినా అలా రాదు' అన్నాడు."

"ఆయనకి వయసైపోయింది, ఏదో..."

"ఫోను ముందా, నవ్వు ముందా?"

"కృపా, ఇక్కడ కాదు. సాయంత్రం ఫంక్షన్ అయ్యాక..."

"ఫోను ముందా? నవ్వు ముందా?"

"...ఫోనే."

"స్టూడియో అద్దం అవతల నుంచి మైకు బటన్ నొక్కావు. మీ గిలకలదిండి రేవులో చేపల వేలంపాట పాడినట్టు పాడావు. 'కృపావతి పాట! పచ్చి పాట! ఇప్పుడే వల్లోంచి తీసిన పాట! ఒకటోసారి, రెండోసారి' అని. నేను కడుపు పట్టుకుని నవ్వాను. అక్కడ మా అమ్మ పోతుంటే ఇక్కడ నేను నవ్వాను. నాకు తెలియదు. నీకు తెలుసు. తెలిసి నవ్వించావు."

"చెబుదామనే అనుకున్నాను."

"పాట ఆగిపోతుందనా?"

"కాదు."

"స్టూడియో మళ్ళీ దొరకదనా?"

"కాదు కృపా!"

"మరెందుకు?"

"కళ్యాణ్! పిల్లలు డ్రెస్సులేసుకుని నిలబడ్డారయ్యా! ఆ నవ్వు ముక్క ఒక్కసారి వదులు!"

"వెయ్యకు."

"వెయ్యను... కోటిలింగం గారూ, ఆ పాట పనిచేయట్లేదండీ! ఇంకోటి చూసుకోమనండి! ...చాలా? తీసేశాను. సాయంత్రం ఉండదు. రేపటి నుంచి నా దగ్గరా ఉండదు. ఇంక వెళ్ళు."

"నేను అడిగింది అది కాదు."

"నువ్వు వచ్చి అడిగింది అదే!"

"ఇప్పుడు ఇంకోటి అడుగుతున్నాను. ఫోన్లో ఎవరు? అమ్మ దగ్గరున్న పిన్నేనా?"

"మీ పిన్ని మందులకెళ్ళింది."

"నాన్న అప్పటికి ఇంకా ఊళ్ళో లేరు. మరెవరు?"

"నంబరు కలిపింది నర్సు. కలిపి ఆంటీ చెవి దగ్గర పెట్టింది."

"ఏ ఆంటీ? అమ్మా? అమ్మ మాట్లాడిందా? నీతోనా? నేను అద్దం అవతలే ఉన్నాను కళ్యాణ్! చెయ్యూపితే వచ్చేదాన్ని! ఆఖరి మాట కళ్యాణ్, నా తల్లి ఆఖరి మాట! నన్నెందుకు పిలవలేదు?"

"ఇదిగో, ఇది అడుగుతావనే గుడివాడ వైపు రావడం మానేశాను. అడిగితే ఏం చెప్పను? పాటలో అన్నీ తీసేశాను, నా గిటారుతో సహా. ఆ నవ్వు ఒక్కటే తియ్యడానికి చెయ్యాడలేదు."

"నన్నెందుకు పిలవలేదు?"

"పిలవబోయాను. తలుపు మీద చెయ్యేశాను. ఫోన్లో నీ గొంతు వినబడిందట, 'అదేనా పాడేది' అన్నారు. అవునన్నాను. రిసీవరు తీసుకెళ్ళి స్పీకరు దగ్గర పెట్టాను. కాసేపు విన్నారు. ఊపిరి మాత్రమే వస్తోంది అటునుంచి. 'పిలుస్తున్నానండీ, ఒక్క నిమిషం' అన్నాను."

"అమ్మ ఏమంది కళ్యాణ్!"

"'పిలవొద్దు బాబూ, పిలిస్తే ఏడుస్తుంది. ఒక్కసారి నవ్వించు, విని పెట్టేస్తాను' అన్నారు."