నూటికి ఇరవై తొమ్మిది: శ్రీ రామలింగప్పగారి పదవీ విరమణ సందర్భంగా

1909వ సంవత్సరం జూలై 12వ తేదీ, సోమవారం ఉదయం, పత్తికొండ తాలూకా నుండి ఎడ్లబండిలో రెండురోజులు ప్రయాణించి వచ్చిన ఇరువది మూడేళ్ళ యువకులొకరు, ఓర్వకల్లు సమీపంలోని ఒక పల్లెబడిలో సహాయోపాధ్యాయులుగా హాజరుపట్టీలో తమ తొలి సంతకం చేశారు. ఆ యువకులే శ్రీ కె. రామలింగప్పగారు. ముప్పది రెండు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ మాసాంతమున, పాఠశాలల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు పదవినుండి వారు విరమిస్తున్నారు. వారితో కలిసి పనిచేసిన వారి తరఫున ఈ నాలుగు మాటలు.

పల్లెబడిలో ఐదేళ్ళు గడిపిన పిమ్మట వారు కడపలో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, ప్రధానోపాధ్యాయులై, 1919లో తనిఖీ శాఖకు జూనియరు డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా ఎంపికయ్యారు. తనిఖీకి వెళ్ళిన ఊళ్ళో ఎవరింటా విందు స్వీకరించకుండా, తమ సతీమణి శ్రీమతి రామేశ్వరమ్మగారు మూటగట్టి ఇచ్చిన జొన్నరొట్టెనే చావడి అరుగుమీద కూర్చొని తినేవారు. బడిలో కుర్చీ వేస్తే పక్కకు జరిపి, చివరి వరుసలో చాపమీద కూర్చునేవారు. అక్కడినుండి చూస్తే నల్లబల్ల ఎంత దూరమో తెలుస్తుందని మాత్రం అనేవారు.

1926లో వారు తాత్కాలిక హోదాలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు బాధ్యతలు స్వీకరించారు. అంతవరకు తనిఖీ అధికారి ఏ బడికి వెళితే ఆ బడిలో తమకు తోచిన ప్రశ్నలు వేసేవారు. అధికారి ప్రసన్నులైతే బడి ప్రశస్తం. కోపిష్ఠి అయితే బడి అధ్వానం. ఒకే తూకపురాయితో తూచకుండా బరువుల తారతమ్యం చెప్పడం అన్యాయమని రామలింగప్పగారు భావించారు. తమ తనిఖీ పరిధి అయిన రేంజిలోని ఇరువది ఆరు బడులకూ ఉక్తలేఖనానికీ, లెక్కలకూ ఒకే ప్రశ్నపత్రం సిద్ధంచేసి, ఇనుపపెట్టెలో తాళంవేసి, నాలుగు నెలలపాటు స్వయంగా ఊరూరా తిరిగి పరీక్ష జరిపారు. నూటికి ఎందరు ఉత్తీర్ణులయ్యారో లెక్కగట్టి, మొదటి బడి నుండి చివరి బడి వరకు ఒక పట్టిక తయారుచేశారు. ఆ పట్టికను చూచుకొని తాము గర్వపడ్డామని వారే చెప్పారు.

ఈ వ్యాసం రాయబూనుతున్నామని తెలిసినప్పుడు వారు ఒకే షరతు పెట్టారు. "నేను చేసిన మంచిపనులు రాస్తే రాయండి. మగ్గాలదిన్నెలో చేసిన తప్పు మాత్రం రాయకుండా వదలొద్దండి." ఆ షరతుకు లోబడి ఆ వృత్తాంతాన్ని వారు చెప్పినట్లుగా ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మగ్గాలదిన్నె నూరు గడపల నేతపల్లె. అక్కడి బడికి అల్లాబక్ష్‌గారు ఏకోపాధ్యాయులు. ఊరివారు వారిని సాయిబయ్యోరని పిలిచేవారు. పరీక్షకు ముందొకసారి రామలింగప్పగారు వెళ్ళినప్పుడు పట్టీలో యాభై రెండు పేర్లుండగా బడిలో పదిహేనుమంది పిల్లలు కనిపించారు.

"తక్కినవాళ్ళు యాడ, అయ్యవారూ?"

"మగ్గాల కాడ సార్. నాడెలోకి నూలు కండెలు చుడతాండారు."

"మగ్గాలు ఎప్పుడు ఆగుతాయి?"

"అమావాస్యకు సార్. ఆ దినం మగ్గం ముట్టరు."

"అయితే పరీక్ష అమావాస్యనాడే. పేరున్న ప్రతి బిడ్డా కూర్చోవల్ల."

"అందరూనా సార్?"

"అందరూ."

"సరే సార్," అన్నారు అల్లాబక్ష్‌గారు. ఆ ప్రశ్నలో ఏముందో రామలింగప్పగారు ఆనాడు ఆలోచించలేదు.

పుష్య అమావాస్యనాడు, శిశుతరగతివారిని మినహాయించగా, ముప్పది ఎనిమిదిమంది పిల్లలు తలలు దువ్వుకొని, ఉతికిన బట్టలు కట్టుకొని వచ్చి పరీక్షకు కూర్చున్నారు. ఉత్తీర్ణులైనది పదకొండుమంది. నూటికి ఇరవై తొమ్మిది. పట్టికలో ఆ బడిది ఇరువది ఆరవ స్థానం. మొదటి స్థానం రాళ్ళగుడిపాడుది. అక్కడ పద్నాలుగురు కూర్చుంటే పదముగ్గురు నెగ్గారు. రాళ్ళగుడిపాడు గడికెదురుగా 'అనుకరణీయము' అని రాసి, పట్టికను పైకి పంపించారు. మగ్గాలదిన్నెకు వేరుగా ఒక లేఖ సిద్ధమైంది: 'బోధన అసంతృప్తికరము. గుర్తింపు రద్దుపరచదగును.' సంతకమొక్కటే మిగిలింది. గుర్తింపు పోతే బడి మూతపడుతుంది. మరొక బడి నాలుగు మైళ్ళ దూరాన ఉంది. మగ్గం విడిచి అంత దూరం పిల్లలను పంపేవారు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. అల్లాబక్ష్‌గారి పద్దెనిమిదేళ్ళ శ్రమ ఆ సంతకంతో ముగుస్తుంది.

ఆ లేఖ పెట్టెలో ఉండగానే, పక్క ఊరి చావడిలో మకాం చేసిన ఉదయాన, సంతకు చీరల మూట నెత్తిన పెట్టుకొని పోతున్న ఒక స్త్రీ మూట దించి అరుగు దగ్గర నిలబడింది. ఆమె మగ్గాలదిన్నె గిడ్డమ్మ. వెంట పదకొండేళ్ళ కూతురు వరమ్మ ఉంది.

"బడి మూసేస్తారంట కదా సామీ? సంతలో అనుకుంటాండారు."

"ఇంకా తేలలేదమ్మా. ఫలితాలు బాగలేవు."

"ఇది నా కూతురు. ఇది గూడా తప్పిందంట. ఏమే, ఎన్ని దినాలు పోతివో సామికి చెప్పు."

"అమాసకమాసకు పోతి," అంది వరమ్మ నేలచూపులు చూస్తూ. "వానొచ్చి వీధిలో పడుగు ఏసేకి కాని దినాలు పోతి."

"విన్నావా సామీ? నేను పంపని బిడ్డకు ఆ యప్ప ఏం నేర్పిస్తాడు? మార్కులు తగ్గిస్తే నాకు తగ్గించు. సాయిబయ్యోరికి యాల తగ్గిస్తావు?"

పక్కనే కాగితాలు సర్దుతున్న గుమాస్తా శ్రీ మద్దయ్యగారు నవ్వాపుకోలేకపోయారు. "నీకు మార్కులు ఏసేకి నువ్వు పరీక్ష రాసినావా అక్కా?"

"సున్నా ఏసేకి రాయల్నా ఏమప్పా!" అంది గిడ్డమ్మ.

రామలింగప్పగారు నవ్వలేదు. కట్టలోనుండి వరమ్మ జవాబుకాగితం తీశారు. ఉక్తలేఖనంలో మొదటి మూడు వరుసలలో ఒక్క తప్పూ లేదు. తర్వాత ఖాళీ.

"ఇంత బాగా రాసి, నాలుగో వరుస ఎందుకు వదిలేసినావు?"

"దాంట్లో ఒత్తులుండాయి సార్. ఒత్తులు నేను రాని దినాల్లో చెప్పినారు."

ఆ మాటతోనే తమ తప్పు తమకు తెలిసివచ్చిందని వారు చెప్పారు. తమ ప్రశ్నపత్రం ఆ బిడ్డకు వచ్చినదాన్ని అడగలేదు, రానిదాన్నీ అడగలేదు. ఆమె బడికి ఏ దినాలు వచ్చిందో, ఏ దినాలు రాలేదో మాత్రమే అడిగింది. దానికి ఆమె నిజాయితీగా జవాబు రాసింది. ఆ జవాబును తాము మరొక ప్రశ్నకు జవాబుగా చదువుకొని, దానికి ఉపాధ్యాయుణ్ణి బాధ్యుణ్ణి చేశామన్నారు.

కబురందుకొని మధ్యాహ్నానికి అల్లాబక్ష్‌గారు హాజరుపట్టీ చంకన పెట్టుకొని నడిచి వచ్చారు. రామలింగప్పగారు ఒక్కొక్క పేరుకెదురుగా ఆ ఏడాది వచ్చిన దినాల సంఖ్య వేయించారు. నూరు దినాలకు మించి వచ్చినవారు పన్నెండుమంది. వారిలో పదకొండుమంది ఉత్తీర్ణులు. తక్కిన ఇరవై ఆరుగురిలో నలభై దినాలు దాటినవారే అరుదు. వారిలో ఒక్కరూ నెగ్గలేదు.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు, అయ్యవారూ?"

"పిల్లలు యాడ అని అడిగితిరి, చెప్తి. ఎన్ని దినాలొస్తారని అడగలేదు సార్. అడక్కుండా చెప్తే సాకు చెప్పినట్ల ఉంటాదని ఊరకుంటి." అల్లాబక్ష్‌గారు పట్టీ మూస్తూ అన్నారు: "అయినా అందర్నీ కూర్చోబెట్టినందుకు నాకేం బాధ లేదు సార్. పెద్దసారు మాకూ కాగితమిచ్చినాడని ఆ ఇరవై ఆరుమందీ ఊరంతా చెప్పుకుంటాండారు. శానా సంబరం వాళ్ళకు. తప్పినామని ఇంకా అందరికీ తెలీదు. నాకు చెప్పబుద్ధి కాలేదు."

మర్నాడు రామలింగప్పగారు రాళ్ళగుడిపాడు వెళ్ళి అక్కడి పట్టీ అడిగారు. ఆ తరగతుల్లో నలభై ఒక్క పేర్లున్నాయి. పరీక్షకు కూర్చున్నది పద్నాలుగురు.

అక్కడి ఉపాధ్యాయులు ఏమీ దాచలేదు. "తనిఖీ దినం చదువు రానోళ్ళను ఇంటికాడ ఉండమంటాం సార్. అన్ని బళ్ళల్లో అంతే కదా. మీకు తెలీదా?"

తెలుసు. తమ తొలి ఉద్యోగంలో, ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారన్న కబురు తెలిసి, ఆరుగురు పిల్లలకు 'రేపు రావద్దు' అని రామలింగప్పగారే స్వయంగా చెప్పారు. మెచ్చుకోలు కూడా పొందారు. చాపమీద ఆఖరి వరుసలో కూర్చుంటే ఆ వరుసలో ఉన్నవారు కనబడతారు గాని, ఇంటివద్ద ఉండిపోయినవారు ఎక్కడ కూర్చున్నా కనబడరు. అందరినీ కూర్చోబెట్టమన్న ఆజ్ఞను ఇరువది ఆరు ఊళ్ళలో ఒకే ఒక ఊరికి ఇచ్చి, ఆ ఆజ్ఞను పాటించిన నేరానికి ఆ ఊరినే శిక్షింపబోయామని వారికి అర్థమైంది. తూకపురాయి అన్నిచోట్లా ఒక్కటే. త్రాసులో ఎవరిని పెట్టాలన్నది మాత్రం ఒక్కొక్కచోట ఒక్కొక్కరు నిర్ణయించారు.

తిరుగుబండిలో మద్దయ్యగారు హితవు చెప్పారు. "పట్టిక పైకి పోయింది సార్. ఇప్పుడు పట్టికే తప్పని రాస్తే మీ ఉద్యోగం ఖాయం అవుతాదా? మగ్గాలదిన్నె లేఖ చించేయండి, సాలు. ఈసారికి ఆ బడిని క్షమించినట్ల ఉంటాది."

"క్షమించేకి ఆ బడి ఏం తప్పు చేసింది మద్దయ్యా?"

ఆ ప్రశ్నను మద్దయ్యగారు నేటికీ అందరికీ చెబుతారు.

రామలింగప్పగారు పైఅధికారులకు రాసిన లేఖ ప్రతి మన కచేరీలో ఉంది: 'ఈ పట్టిక నేను తయారుచేసినది. ఇందు పాఠశాలల తారతమ్యముకన్న, పరీక్షకు కూర్చుండబెట్టినవారి తారతమ్యమే అధికముగా కానవచ్చుచున్నది. కాన దీని ఆధారమున ఏ పాఠశాల గుర్తింపునైనను తొలగించుటగాని, ఏ పాఠశాలనైనను శ్లాఘించుటగాని న్యాయము కాదు. పొరపాటు నాది.' ఫలితంగా వారిని సంజాయిషీ అడిగారు. ఏడాదిలో ఖాయం కావలసిన పదవి నాలుగేళ్ళకు, 1930లో, ఖాయమైంది. మగ్గాలదిన్నె బడి మూతపడలేదు. అల్లాబక్ష్‌గారు 1934లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే బోధించారు.

నాటినుండి మన రేంజిలో ఫలితాల పట్టికకు మరి రెండు గళ్ళు చేరాయి: పేరుండి పరీక్షకు రానివారెందరు, వచ్చినవారు ఏడాదిలో ఎన్ని దినాలు బడిలో ఉన్నారు. కొత్తగా చేరిన గుమాస్తాలు ఈ గళ్ళను నింపడానికి పడే కష్టం అందరికీ తెలిసినదే. కారణం ఇన్నాళ్ళకు రాతలోకి వచ్చింది.

అయితే దీనితో సమస్య తీరిందని రామలింగప్పగారు ఎన్నడూ అనుకోలేదు. బడిని నిర్దోషి అని తేల్చినంతమాత్రాన వరమ్మకు ఒత్తులు రావు. నెలలో రెండు మూడు దినాలు మాత్రమే రాగలిగిన బిడ్డకు ఏమి నేర్పాలి, ఎట్లా నేర్పాలి అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఏ దినానికా దినం సంపూర్ణంగా ముగిసే పాఠాలను అల్లాబక్ష్‌గారితో కూర్చొని వారు రాయించారు. నిన్న రాని పిల్ల నేడు వచ్చినా దారి తప్పకూడదని వారి ఉద్దేశం. వాటిని ఏడు బడులలో ప్రయోగించారు. నాలుగు బడులలో కొంత మేలు కనిపించింది. మూడింటిలో ఏ మార్పూ లేదు. ఆ మూడింటి ఫలితాలనూ అంతే స్పష్టంగా నివేదికలో పొందుపరిచారు.

పోయిన వారం వారి బల్ల సర్దుతుండగా ఆ పాఠాల కట్ట బయటపడింది. కచేరీలోనే ఉంచమంటారా అని అడిగితే, "ఇంటికి తీసుకుపోతానప్పా. ఆ మూడు బళ్ళల్లో ఎందుకు పనిచేయలేదో నాకింకా తెలీలేదు," అన్నారు. అరవయ్యవ పడికి సమీపిస్తున్న ఒక మనిషి, కొలువు ముగిసే దినాల్లో, తనకు తెలియనిదాన్ని చంకన పెట్టుకొని ఇంటికి పోవడం మేమెవరమూ అంతకుముందు చూడలేదు.

శ్రీ రామలింగప్పగారికి, శ్రీమతి రామేశ్వరమ్మగారికి మా సగౌరవ వందనములు. ఆ కట్ట విప్పి కూర్చోవడానికి చాలినంత తీరికను, చదువగల చూపును, మళ్ళీ ఆ మూడు ఊళ్ళకూ నడిచి వెళ్ళగల మోకాళ్ళ సత్తువను పరమేశ్వరుడు వారికి ప్రసాదించుగాక! వెదుకుతున్న సమాధానం దొరికేవరకు వారు ఆరోగ్యంగా జీవించాలని కోరుకుంటున్నాము. ఆ సమాధానం అంత సులభంగా దొరికేది కాదు గనుక, వారు నిండు నూరేళ్ళు జీవిస్తారని నమ్ముతున్నాము.