డనీడిన్ వాళ్ళకి తక్కువైన వాటా

దీవి పట్నం ఆపియాలో మధ్యాహ్నం వాన దంచుతోంది. యూనివర్సిటీలో, గొంతునొప్పితో మొదలయ్యే పిల్లల గుండెజబ్బుల మీద పరిశోధన చేసే ఫువాటినో, నర్సుగా రిటైరైన పిన్ని ఇంట్లో చాప మీద తడిబట్టలతోనే కూలబడింది.

"డనీడిన్ వాళ్ళ జవాబొచ్చింది పిన్నీ."

"ముందు తల తుడుచుకో. వద్దన్నారా?"

"గ్రాంటు రావాలంటే వాళ్ళ యూనివర్సిటీ ఎంత పెడితే మనదీ అంత పెట్టాలి కదా. లేకపోతే ఎప్పట్లాగే వాళ్ళ పరీక్షలకి రక్తం సీసాలు పంపేవాళ్ళుగా మిగులుతాం. డబ్బు లేదని, మన వాటా కింద నీ నోటుబుక్కులు పెట్టాను."

"పిల్లల గొంతునొప్పులూ గుండె చప్పుళ్ళూ రాసుకున్నవా? వాటి మీద కోడి గుడ్లు పెట్టిందే!"

"వాళ్ళూ నవ్వారు. పాత పుస్తకాలకి వెలేమిటన్నారు."

"నువ్వూరుకున్నావా?"

"మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకీ చావులకీ ఇచ్చే సన్నచాప ఎంత పాతదైతే అంత గొప్పదన్నాను. ఒక నర్సుని ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరూరా పడవల మీద తిప్పి, ప్రతి బిడ్డ గుండే ఆమె చేత వినిపించడానికి ఎంతవుతుందో మీరే లెక్క కట్టండన్నాను."

పిన్ని చేతిలో విసనకర్ర ఆగింది. "కట్టారా?"

"మూడు వారాలు కట్టారు." ఫువాటినో తల తుడుచుకుంది. "మనది వాళ్ళ వాటాకి రెట్టింపు తేలింది. ఇప్పుడు తక్కువైంది వాళ్ళకే. పరిశోధన కాగితాల మీద నీ పేరే ముందుంటుంది."

పిన్ని ముక్కు చీదింది.

"పాపం, తొందరపెట్టకే. మెల్లిగా కూడబెట్టుకోనీ. నాకూ ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టింది."