మక్క కింద పసుపు

ఆర్మూర్ మార్కెట్ యార్డు ఎదురుగా భీమన్న చాయ్ హోటల్ ఉంది. అక్కడి బల్ల మీద నరహరి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే ఇక లేచే పని లేదు, వినేవాళ్లకూ లేచే వీలుండదు. ఆ సాయంత్రం అతని పక్కన మహేష్ కూర్చున్నాడు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు, చేన్లో బోరు వేయించాలని పైసలు కూడబెట్టుకొచ్చాడు. ఇప్పుడు ఫోన్లో క్రికెట్ పందేల యాప్ తెరిచి, ఆ బోరు పైసలు ఈ రాత్రి మ్యాచ్ మీద పెడదామా వద్దా అని ఊగిసలాడుతున్నాడు. ఎదురుగా నరహరి బామ్మర్ది దేవిదాస్.

"నన్ను అడుగురా మహేషూ! గీ ఆర్మూర్ల గా యాప్‌ను గడగడలాడిచ్చినోడు ఎవడన్న ఉన్నడంటే గది నేనే."

"బావా, నీ చేన్ల మక్కజొన్న ఎప్పుడు కోద్దాం? కంకులు ఎండి రాలవట్టె," అన్నాడు దేవిదాస్.

"ఇంక జర ఎండనియ్. నువ్వు నడ్మల రాకు. ఇను మహేషూ. మొదాలు నేను గెలిచింది గింతే, నలుగురికి చాయ్ తాగిపిచ్చే పైసలు. గా రోజు మన టీం పోరడు ఆఖరి బంతికి సిక్స్ కొట్టిండు. ఖుషీల వెట్టిన, వచ్చినయి. మర్నాడు మన టీం ఓడింది. నాకు కోపమొచ్చింది. మా ఇంటిది మంగవ్వ బీడీలు చుట్టుకుంట అన్నది, 'నెత్తి జర చల్లవడనియ్యయ్యా, పొద్దుగాల చూసుకుందువు' అని. చల్లవడ్డంక ఎవడన్న వెడ్తడారా? వేడి మీదనే వెట్టాలె! డబల్ వెట్టిన. గా తర్వాత ఏమైందో ఎరికేనా?"

"గెలిచినవా మామా?"

"ఓడిన. గది లెక్కల్లకు రాదు. యాప్‌కు నా మీద నమ్మకం కుదరాలె గదా, గందుకే కావాలని ఓడిన. మళ్ల కోపమొచ్చింది, మళ్ల వెట్టిన. మంగవ్వ అలిగి మాట్లాడకుంటే ఏడ తల్లిగారింటికి పోతదో అని బుగులైంది, గా బుగుల్ల ఇంకింత వెట్టిన. గట్ల పెరిగి పెరిగి నా కోపం ఎంత దాక పోయిందంటే, ఇంట్ల టీవీ ముంగట నేను పండ్లు కొరికితే అక్కడ స్టేడియంల బౌలర్ కాలు జారుతుండె. ఒకనాడు నేను తుమ్మిన. గంతే, మూడు వికెట్లు!"

"ఒక్క తుమ్ముకా?" భీమన్న చాయ్ వడపోస్తూ అడిగాడు.

"రెండోది ఆపుకున్న భీమన్నా. లేకుంటే పాపం అంపైర్ గూడ పడిపోతుండె. ఇగ యాప్ ఓనర్ బొంబాయి నుంచి ఫోన్ చేసిండు. 'నరహరి సేట్, మీ వేడికి మా కంప్యూటర్లు అంటుకున్నయి, ఫైరింజన్లు చాలుతలేవు, మీ కాళ్లు మొక్కుత, ఆపుండ్రి' అని ఒకటే ఏడుపు. నేను ఆపుతనా? ఆపుమన్నందుకే ఇంక కోపమొచ్చి ఇంక వెట్టిన. గా తర్వాత ఏమైందో ఎరికేనా? గెలిచిన పైసలు నింపుకొని హెలికాప్టర్ వచ్చింది. గిదే యార్డుల దిగింది. గప్పుడు యార్డు నిండ పసుపు కుప్పలున్నయి. రెక్కల గాలికి పసుపంత లేచి ఆర్మూర్ మొత్తం కమ్మింది. సిద్ధులగుట్ట పసుపు, బస్టాండు పసుపు. కమ్మర్‌పల్లి దాక బర్లు పసుపు పాలిచ్చినయి."

"మా బర్రె ఇయ్యలే," అన్నాడు భీమన్న.

"నీ బర్రె గా రోజు కొట్టంల ఉండె."

అందరూ నవ్వారు. మహేష్ కూడా నవ్వాడు గానీ, కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి. "మరి గా పైసలన్ని ఏమైనయి మామా?"

"వాపస్ పంపిన. ఓనర్ పెండ్లాం ఫోన్ల ఏడ్సింది. ఇంట్ల ఆడిది ఏడుస్తుంటే చూసుడు కష్టమురా. గా ఏడుపు..." నరహరి యార్డు గేటు వైపు చూసి, మళ్లీ గొంతు పెంచాడు. "సరే, గది ఇడిసిపెట్టు! ఇయ్యాల మన టీం మీద నీకు పానం ఉన్నదా లేదా? ఉంటే ఆలోచన జెయ్యకు. దిల్ ఎట్ల జెప్తే గట్ల, మొత్తం వెట్టు!"

మహేష్ బొటనవేలు కదిలింది.

"ఆగు మహేష్," అన్నాడు దేవిదాస్. తర్వాత నరహరి వైపు తిరిగాడు. "బావా, అడివిపందులు దూరినయంటే నిన్న నీ చేన్లకు పోయిన. మక్క కింద పసుపు లేదు."

ఆ మాట అర్థం కానివాళ్లు అక్కడెవరూ లేరు. ఆర్మూర్ దిక్కు పసుపు పెట్టిన చేన్లోనే మక్క కూడా వేస్తారు. మక్క నిలబడి ఉన్నంతకాలం రోడ్డు మీది నుంచి అందరి చేన్లూ ఒక్కతీరుగానే కనబడతాయి. మక్క కోశాక కింద పసుపు ఒక్కటే పచ్చగా మిగులుతుంది. పసుపు పెట్టలేదంటే విత్తనం లేదని. ఎంత కష్టమొచ్చినా విత్తనానికి దాచిన కొమ్ముల జోలికి పోరు. అమ్ముకోవడానికి ఇంకేమీ మిగలనివాడే వాటిని అమ్ముకుంటాడు.

"గది... గది కొత్త రకం," అన్నాడు నరహరి. "ఆకు పైకి రాదు. భూమి లోపల్నే ఊరుతది. ఒక్కొక్క కొమ్ము నా చెయ్యంత..."

ఎవరూ నవ్వలేదు. భీమన్న కూడా ఎదురు ప్రశ్న వేయలేదు.

"మా అక్కను అడిగిన," అన్నాడు దేవిదాస్. "కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది గని చెప్పలే. 'మీ బావ ఇంక జర ఎండనియ్యమన్నడు' అన్నది. గంతే."

నరహరి చేతిలో చాయ్ చల్లారిపోయింది. మంగవ్వ అబద్ధం ఆడే మనిషి కాదు. కూలికి వచ్చేవాళ్లతో, బీడీ కార్ఖానాలో, చివరికి సొంత తమ్ముడితో కూడా తను అల్లిన అబద్ధాన్నే ఆమె చెప్పుకొస్తోందని అతనికి అప్పుడే తెలిసింది. మ్యాచ్‌లన్నీ ఓడినప్పుడు కూడా అతనికి ఇంత బాధ కలగలేదు.

గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మహేషూ, ఫోన్ జేబుల వెట్టు."

"మరి మ్యాచ్ మామా?"

"హెలికాప్టర్ రాలే బిడ్డా. ఎన్నడు రాలే. పోయి బోరు ఏసుకో."

మహేష్ ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. నరహరి లేచి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"బామ్మర్దీ, రేపు పొద్దుగాల కొడవళ్లు వట్టుకొని రాండ్రి. మక్క కోద్దాం."

"కోస్తే రోడ్డు మీద పొయ్యేటోళ్లందరికి కనవడ్తది బావా."

"కనవడనియ్. మీ అక్క ఎన్ని రోజులు దాస్తది?"