నాగులమ్మ చేతిల చాట

గా చాట ఎందుకు తీసి అల్మారల పెట్టి తాళమేసిన్రు, దొరసానమ్మా? చాట ఏం పాపం జేసింది?

లే, జగడానికి రాలే. జగడమాడే ఓపిక నాకేడిది. మీ మిషను బడి ఆయమ్మను, ఆయమ్మ లెక్కనే అడుగుతున్న. పిలగాళ్ల ఆటసామాను వాళ్ల ముందటనే ఉండాలె, ఎవలకు ఏది గావాలంటే గది దీస్కోవాలె అని ఖాయిదా పెట్టింది మీరే గద.

నాకు యాదికున్నది. చిన్నపిల్లల తరగతి షురువు జేసిన నాడు నన్ను గీ గోడ పొంటి కూసోబెట్టి జెప్పిన్రు. "బిక్షమ్మా, ప్రార్థన అయినంక అంబలి యాళ్ల దాంక పిల్లలిష్టం. ఏ ఆట ఆడాలెనో వాళ్లే అనుకుంటరు. నువ్వు నడుమల పోవద్దు, ఆపొద్దు. కొట్టుకుంటెనే లేవాలె" అన్నరు. నేను లోపల నవ్వుకున్న. ఆడుకునేతందుకు సుత బడి గావాల్నా, మా వాడల మట్టిల పొర్లేటోళ్లకు ఎవలు నేర్పిన్రు అని. అయినా మీ మాట ఇన్న. వాళ్లు గడీ ఆట ఆడి, ఒగడు దొరయి ఇంకొగణ్ని ఎండల వంగవెట్టినా ఊకున్న. మీరు గూడ ఊకున్నరు.

మరి గీ ఆటకే ఎందుకు నడుమల వచ్చిన్రు?

తెలుసు. నా మీది జాలితోని. నా కొడుకు సావును వాళ్లు ఆట జేస్తుంటే నేను జూడలేననుకున్నరు.

జూస్తున్న గద. రోజూ జూస్తున్న.

నా ఇస్రాయేలు గీ తరగతిలనే ఉండె. గా కిటికి కింద కూసునేటోడు. పురుగు ముట్టింది, గదే పాము. రామన్నపేట దవాఖానకు బండి కట్టేలోపలనే పాణం వోయింది. వాని నాయిన గడీల వెట్టికి పోయిండాయె. మా మరిది మల్లప్ప, పాస్టరయ్య ఎత్తుకపోయి మన్ను కప్పిన్రు. తల్లి సూడొద్దని నన్ను రానియ్యలే. నేనేం జెయ్యాలె? బడికొచ్చిన. పిల్లలకు అంబలి గాయాలె గద. చాట ముందటేసుకొని జొన్నలల్ల రాళ్లు ఏరిన. ఏడుపు రాలే. ఎందుకు రాలే అంటే ఏమని చెప్పాలె, గిప్పటికి గూడ రాలే. వాడకట్టోళ్లు నన్ను బండరాయి అంటున్రు. అననియ్యున్రి.

పిలగాళ్లు జూసింది గదే. గందుకే గట్లనే ఆడుతరు. జానయ్య ఇస్రాయేలయి పండుకుంటడు. ఏసోబు పలక పట్టుకొని పాస్టరయ్య అయితడు. మిగిలినోళ్లు కాళ్లు చేతులు పట్టి మూల దాంక ఈడుస్తరు. కితకితలయి జానయ్య నవ్వితే, "సచ్చినోడు నవ్వద్దురా" అని తిడుతరు. నాగులమ్మ నేనయితది. ముక్కు చీదుకోను రాని పొల్ల, అచ్చం నా లెక్క కాళ్లు చాపుకొని, చాటల ఇసుక వోసుకొని రాళ్లు ఏరుతది. వాళ్ల దిక్కు జూడది. ఏడువది.

మీరు గక్కడి దాంక జూసి, కండ్లు తుడుసుకుంట లేసిపోయిన్రు. ఆట గాడికే అయిపోదు, దొరసానమ్మా.

మన్ను కప్పుడయినంక ఏసోబు "ఇగ లే" అంటడు. జానయ్య లేసి, లాగు దులుపుకొని, సక్కగ నాగులమ్మ దగ్గరికొచ్చి "అమ్మా, ఆకలైతాంది" అంటడు. అది చాటలకెల్లి పిడికెడు ఇసుక తీసి వాని దోసిట్ల వోస్తది. వాడు తిన్నట్టు జేస్తడు.

కడపటి దినాన లేస్తడు, ఫికర్ చెయ్యకు బిక్షమ్మా అన్నడు పాస్టరయ్య. ఎన్నడో లేసుడు నాకు ఎర్కలేదు. గీడ రోజూ లేస్తాండు, అంబలికి ముందుగాల్నే. నేను బడికొచ్చేది గందుకే.

నిన్న మీరు చాట దాసిన్రు. ఆట ఆగుతదనుకున్నరు, ఆగలే. జానయ్య పండుకున్నడు. చాట లేకుంట నా లెక్క ఎట్లుండాలెనో నాగులమ్మకు తెల్వలే. జర సేపు ఉత్త చేతులు జూసుకుంది. ఇగ ఊర్లె తల్లులందరు జేసినట్టు జేసింది. నెత్తి ఇరబోసుకొని, రొమ్ము కొట్టుకొని "నా కొడుకా" అని ఏడ్సింది. ముందుగాల ఉత్తుత్తగనే, అటెన్క నిజంగనే. దాన్ని జూసి తక్కినోళ్లూ ఏడ్సిన్రు. ఏసోబు గూడ ఏడ్సుకుంట, "ఇగ లే" అనుడు మర్శిండు. జానయ్యకు భయమైనట్టుంది, కండ్లు గట్టిగ మూసుకొని గట్లనే పండుకున్నడు. నేనేమో గోడ పొంటి కూసున్న. నడుమల పోవద్దంటిరి గద. జానయ్య మీరు గంట కొట్టేదాంక పండుకొని, గంట కొట్టంగనే అంబలి గూడ తాగకుంట ఇంటికి ఉరికిండు.

నిన్న నా కొడుకు లేవలే.

మీరెందుకు ఏడుస్తున్రు? ఊకోన్రి. నేను ఏడుస్తున్ననా?

ఇస్తె ఇయ్యున్రి, లేకుంటె లేదు. రేపటి అంబలికి జొన్నలు ఏరాలె. దానికోసమన్న చాట గావాలె గద.