చివరి పేరు

ఐర్లండ్‌లోని గాల్వేలో చర్చి పక్క హాలు. కవిత చదవడానికి ఎవరైనా రావచ్చని తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఇంకా ఎవరూ రాలేదు. నిర్వాహకురాలు కుర్చీలు వేస్తుంటే, ప్రతివారం రెండో వరుసలో కూర్చునే ముసలాయన లోపలికొచ్చాడు.

“ఇవాళ్టితో ఆపేస్తున్నావటగా, అమ్మాయ్?”

“ఓపిక లేదు, పెద్దాయనా. ఎవరి కవిత వాళ్ళు చదువుకుంటారు, టీ తాగుతారు, కోటేసుకుని పోతారు. పోయినవారం ఫింటన్ చదివేసరికి మిగిలింది మనిద్దరమే. వినేది మీరొక్కరే. మీ మొహం చూసే తొమ్మిదేళ్ళు లాక్కొచ్చాను.”

“తిట్టనంటే ఓ మాట చెప్తా. నేనూ వినను.”

“అదేంటి? అందరికీ చప్పట్లు కొడతారుగా!”

“మొదటివాడు మైకు పట్టుకోగానే చెవి మిషన్ తీసి జేబులో వేసుకుంటా. ఆ ఫింటన్ వాళ్ళ గాడిద మీద ఎన్నిసార్లని రాస్తాడమ్మా? చదివి దిగేటప్పుడు మొహాలు వెలుగుతాయి చూడు, వాటికోసం వస్తా.”

ఆమె చేతిలో కుర్చీ దించి దానిమీదే కూలబడింది.

“బావుంది. ఇంక ఆపేస్తున్నానన్న దిగులు కూడా అక్కర్లేదు.”

“సరే, ఆపు. కానీ నువ్వెప్పుడూ చదవలేదేం?”

“చదివేవాళ్ళ పట్టీలో చివరి పేరు నాదే. నా వంతొచ్చేసరికి ఎవరుంటారని?”

“ఇవాళ నీ పేరు మొదట రాయి.”

“ఎవరు వింటారని?”

ముసలాయన చెవి మిషన్‌ని వేలితో తట్టాడు.

“ఇది ఇంకా చెవిలోనే ఉంది. పొద్దున్నే కొత్త బ్యాటరీ వేయించా. వాళ్ళు రాకముందే చదువు.”