రాఖీనా, పసుపుతాడా

శంషాబాద్ శివార్లలో గులాబీ తోట. ప్రేమికుల రోజు, సాయంత్రం. రైతు అనంతయ్య, కూతురు రేఖ.

“ఐతారం కాటేదాన్ సంబంధమోళ్లు వస్తున్నరు. ఇగ ఆ రవీందర్ పేరు నా ముంగట తియ్యకు.”

“కాళ్లు మొక్కి చెప్పిన గద బాపు. చేసుకుంటే ఆయన్నే చేసుకుంట.”

“ఎయిర్‌పోర్టుకు కిరాయి కారు నడిపేటోనికి నిన్నియ్య. అయిపోయింది. ఆ మెడకు చున్నీ ఏంది, ఎన్నడు లేంది?”

“గొంతు నొస్తున్నది. పూలన్నీ పోయినయా?”

“ఒక్కటి మిగల్లే. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ల ఎగవడి కొన్నరు.”

“పొద్దుగాల పూలమ్ముడు, మధ్యాన్నం సంఘమోళ్లతోని పోయి ఆ పూలు కొన్న జంటలనే పట్టుకునుడు. ఏంది బాపు గిది?”

“పూలు ఎవుసం. గది సంస్కృతి. రెండు కలపకు.”

“ఈ దినం ఎట్ల పుట్టిందో ఎరికేనా?”

“దుకాణపోళ్లు పుట్టిచ్చిండ్రు.”

“కాదు. రోమ్‌ల ఒక పూజారి ఉండెనంటరు. పెండ్లయితే పోరగాండ్లు యుద్ధానికి రారని రాజు పెండ్లిళ్లే బంద్ పెట్టిండట. ఈయన సాటుకు చేసెటోడట.”

“మంచోడే. ఏమైండు?”

“తల తీసిండ్రు.”

“అరె! పెండ్లి చేసుడు పుణ్యం గద!”

“పుణ్యమేనా?”

“కాదా మరి? మా సంఘం చేసేదేంది? పార్కుల జంట దొరికితే అడుగుతం. రాఖీనా, పసుపుతాడా? ఏది అంటే అది. పంతులు, అక్షింతలు అన్నీ మావే.”

“పిల్ల నాయిన ఒప్పుకోకుంటే?”

“పడ్డ ముడి పడ్డట్టే. ఎవడొచ్చినా ఇప్పేది లేదు. ఆ కట్టుబాటు పెట్టిందే నేను.”

“ఇయ్యాల నువ్వు పోలేదా?”

“మార్కెట్ల ఆలస్యమైంది. మా సంఘపు దశరథం పోయిండు. ఒక్క జంటే దొరికిందట. పిచ్చోళ్లు, పార్కు గేటు కాడి బెంచీ మీదనే కూసున్నరట. మావోళ్లను సూసి ఉరకనుగూడ ఉరకలేదట.”

“ఎందుకు ఉరకాలె?”

“అందరు ఉరుకుతరే! వీళ్లు ముఖాలకు గుడ్డలు కట్టుకొని, పొద్దటిసంది మావోళ్ల కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉన్నరట. అడిగితే పిల్లనే ముందుగాల తాడు అన్నదట.”

“ముఖం సూడకుండనే కట్టించిండ్రా?”

“తియ్యమంటే సిగ్గు అన్నదట. పెండ్లిపిల్లకు సిగ్గుండాలె గద అని దశరథం మురిసిపోయిండు.”

“మురిసిండు. ‘ఏడ్వకు బిడ్డా, మీ నాయినతోని మా అనంతయ్య మాట్లాడ్తడు’ అన్నడు గూడ.”

“అన్నడా? గది నాకు చెప్పలే. నీకెట్ల ఎరిక?”

“చీకటైతున్నది, ఇంట్లకు పోదాం పా బాపు.”

“రేఖా.”

“ఆఁ, బాపు.”

“చున్నీ తియ్యి.”

“తీస్త. ముందుగాల చెయ్యి పట్టు, అక్షింతలు తీస్కో. మీ సంఘానివే, మిగిలినయి. రవీందర్ తోట గేటు బయట నిలవడ్డడు, పిలువాల్నా?”